8 నెలల పాప తనంతట తాను తాగాలి, తినాలి: ఇంట్లో ఎలా అలవాటు చేయాలి?

పాప కూర్చుంటోంది, చెంచా లాక్కుంటోంది, అత్తగారేమో తినిపిస్తేనే కడుపు నిండుతుందంటున్నారు, మాంటిస్సోరి (పిల్లలు తమ పనులు తామే చేసుకుంటూ నేర్చుకునే పద్ధతి) బొమ్మలు ఏవి కొనాలి అని ఒక తల్లి అడిగారు. ఇప్పుడే బొమ్మలు కొనకండి. చెంచా లాక్కుంటోందంటే పాప సిద్ధంగా ఉన్నట్టే.

ముందు గ్లాసు. సిప్పర్‌తో చప్పరించడమే వస్తుంది, పెదవులతో అంచు పట్టుకుని తాగడం రాదు. 40 మిల్లీలీటర్లు పట్టే బుల్లి స్టీలు గ్లాసు తీసుకుని సగానికి పైగా నీళ్లు పోయండి. పెద్ద గ్లాసులో అడుగున కాసిని పోస్తే తల బాగా వెనక్కి వాల్చాల్సొచ్చి పొలమారుతుంది. పాప రెండు చేతులూ గ్లాసు మీద వేయించి, మీ చెయ్యి అడుగున ఉంచండి. అంచు కింది పెదవికి తాకించి ఆగండి. నోట్లో పోయకండి, తనే లాక్కోవాలి. మొదట్లో సగం నీళ్లు బట్టల మీదే పడతాయి. అది మామూలే, ఒక తువ్వాలు దగ్గర పెట్టుకోండి.

కూర్చోబెట్టడానికి ప్రత్యేకంగా పొట్టి బల్ల, కుర్చీ అమ్ముతారు. మన ఇంట్లో పీట చాలు. ఆ పద్ధతిని రూపొందించిన ఇటలీ వైద్యురాలు మారియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. బిడ్డకు అందే ఎత్తులో అన్నీ ఉండాలన్న ఆమె మాటకు నేల మీద కూర్చుని తినే మన ఇల్లు చక్కగా సరిపోతుంది. పాప ముందు పీట వేసి, దాని మీద అంచున్న బరువైన గిన్నె పెట్టండి. దిండ్లు ఆనించి మాత్రం కూర్చోబెట్టకండి. పక్కకి ఒరిగిపోతే తిండి గొంతుకు అడ్డం పడొచ్చు.

చాలామందికి తేడా కొట్టేది తిండి చిక్కదనంలో. పల్చటి పప్పు నోటి దాకా వెళ్లేలోపే చెంచాలోంచి జారిపోతుంది, పాప విసుగెత్తి గిన్నె తోసేస్తుంది. చెంచా బోర్లించినా పడనంత ముద్దగా పెసరపప్పు, అన్నం మెదపండి. చెంచాలు రెండు ఉండాలి. ఒకటి మీరు నింపి పాప చేతికివ్వండి, తను నోట్లో పెట్టుకునేలోపు రెండోది నింపండి. పక్కనే చేత్తో పట్టుకునేవి రెండు ముక్కలు చాలు: నెయ్యి రాసిన ఇడ్లీ, మెత్తగా ఉడికించిన క్యారట్, వేలంత పొడవున. రెండు వేళ్ల మధ్య నొక్కితే చితకాలి, చితకకపోతే ఇంకా ఉడకాలి. పల్లీలు, నిండు ద్రాక్షపళ్లు, పచ్చి క్యారట్ అసలు వద్దు. ఏడాది నిండేదాకా తేనె కూడా వద్దు.

డోకు వచ్చినప్పుడు మొహం ఎర్రబడుతుంది, చప్పుడు వస్తుంది. అప్పుడు వేలు పెట్టి తీయకండి, తనే బయటికి తోసుకుంటుంది. చప్పుడు రాకుండా, ఏడవలేకుండా ఉంటేనే అడ్డం పడినట్టు. వెంటనే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని భుజాల మధ్య అరచేత్తో 5 దెబ్బలు, రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఒక అరచేతి మణికట్టు వైపు భాగంతో 5 నొక్కులు, వచ్చేదాకా మార్చి మార్చి. తినేటప్పుడు పక్కన పెద్దవాళ్లు ఒకరు ఉండి తీరాలి.

బట్టలు మార్చేటప్పుడు కూడా ఇంతే. “చెయ్యి పెట్టమ్మా” అని చొక్కా చెయ్యి తెరిచి పట్టుకుని పదిదాకా లెక్కపెట్టండి. తొందరపడి లాగేస్తే పాప ప్రయత్నమే చేయదు. వాకర్ మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. అది నడక నేర్పదు, మెట్ల దగ్గర ప్రాణాల మీదికి తెస్తుంది. కెనడాలో 2004లోనే దాన్ని నిషేధించారు.

అత్తగారి భయాన్ని కొట్టిపారేయకండి, రెండో చెంచా ఆవిడ చేతికే ఇవ్వండి. టీవీ, ఫోను ఆపేసి, 20 నిమిషాలు. పాప మొహం తిప్పేసుకున్నా, గిన్నె విసిరినా ఆ పూటకి చాలు. పాలు ఎలాగూ కొనసాగుతాయి. 9 నెలల టీకాకి వెళ్లినప్పుడు బరువు తూయించి టీకా కార్డులో బరువు గీత ఆవిడకే చూపించండి. గీత పైకి పోతూ ఉంటే ఇలాగే కొనసాగించండి, నిలిచిపోయినా దిగినా డాక్టరుతో మాట్లాడండి.