బొమ్మ బాగుంది, మరి మ్యాటర్ చదివిందా?

ఖమ్మం నుంచి ఒక తల్లి రాశారు: "మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఎప్‌సెట్ కోచింగ్‌కి వెళ్తోంది కానీ మనసంతా ఫోన్లో పోస్టర్లు చేయడం మీదే. వాళ్ల బావ పెళ్లికార్డు తనే చేస్తే అందరూ మెచ్చుకున్నారు. గ్రాఫిక్ డిజైనర్ అవుతా, ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్లో సంపాదిస్తా అంటోంది. వాళ్ల నాన్నేమో బొమ్మలేసుకుంటే కూడొస్తుందా అంటున్నారు. ఏఐ వచ్చాక ఈ పనే ఉండదని ఇంకొకరు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?"

అమ్మా, పిల్లలకు సలహాలు చెప్పడం మొదలుపెట్టక ముందు చాలా ఏళ్లు నేను చేసింది ఈ పనే. విజయవాడలో ఒక ప్రెస్‌లో డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చే పని దగ్గర మొదలయ్యాను. పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అనూ తెలుగు ఫాంట్ల కాలం అది. తర్వాత హైదరాబాద్‌లో యాడ్ ఏజెన్సీ, ఆ తర్వాత ఇంటి నుంచే బయటి దేశాల క్లయింట్లు. మీవారు అడిగిన మాటే మా నాన్న కూడా అడిగారు. కూడు వచ్చింది. కాకపోతే బొమ్మల వల్లే వచ్చిందని చెప్పలేను.

ప్రెస్‌లో చేరిన ఏడాదే ఒక బట్టల షాపుకి ఆషాఢం సేల్ కరపత్రం చేశాను. చీర బొమ్మకీ, అక్షరాల బంగారు మెరుపుకీ రెండు రాత్రులు పట్టింది. అయిదు వేల కాపీలు పేపర్లలో పెట్టి పంచేశారు. పొద్దున ఎనిమిదింటికి ఎవరో పెద్దాయన ప్రెస్‌కి ఫోన్ చేసి తిట్లు లంకించుకున్నారు. షాపు నంబర్లో నేనొక అంకె తప్పు కొట్టాను, ఆ నంబరు ఆయనది. తెల్లారినప్పటి నుంచి ఆయన్ని జాకెట్ ముక్కల రేట్లు అడుగుతున్నారట. కరపత్రం అడుగున సన్న అక్షరాల్లో ప్రెస్ నంబరు ఉంటుంది కదా, అది చూసి మాకు చేశారు. మళ్లీ వేసిన కాపీల ఖర్చు మూడు నెలల పాటు నా జీతంలో కోశారు. న్యాయమే. ఆ గొడవలో చీర బొమ్మ గురించి ఒక్కరు కూడా ఒక్క మాట అనలేదు, బాగుందనీ అనలేదు. ఆ రోజు నుంచి అచ్చుకు ముందు చూసుకునే ప్రూఫ్ మీద ఏ నంబరున్నా దానికి నేనే ఫోన్ చేసి చూస్తాను.

అందుకే మీ అమ్మాయి గురించి నేను అడిగేది బొమ్మ బాగా వేస్తుందా అని కాదు. ఇచ్చిన మ్యాటర్, అంటే అచ్చు వేయాల్సిన రాత, చదువుతుందా? ఈ పనిలో ఎక్కువ భాగం అదే. షాపాయన వాట్సాప్‌లో ఇరవై లైన్లు పంపి అన్నీ పెద్దగా కనపడాలంటాడు. అందులో జనం చూడాల్సిన లైను ఒకటే ఉంటుంది. అదేదో పట్టుకుని, మిగతావి ఎందుకు చిన్నవి చేశామో ఆయనకి ఓపిగ్గా చెప్పగలగాలి. ఒక్కోసారి వద్దని కూడా అనాలి. 'షుగర్ పూర్తిగా నయం చేస్తాం' అని మ్యాటర్ వస్తుంది. అలాంటి ప్రకటనలను నిషేధిస్తూ 1954 నుంచీ చట్టం ఉంది. చాలామంది డిజైనర్లకు ఆ సంగతే తెలియదు, ఇచ్చింది ఇచ్చినట్టు వేసేస్తారు.

ఇంకో ప్రశ్న. ఆ పెళ్లికార్డు ప్రెస్‌లో అచ్చు వేయించారా, వాట్సాప్‌లో పంపారా? వాట్సాప్ అయితే తను ఇంకా సగం పనే చూసింది. ఫోన్ తెర రంగులు వెలుతురుతో తయారవుతాయి, కాగితం మీదవి నాలుగు ఇంకులతో. తెర మీద మెరిసిపోయిన చిలకపచ్చ అచ్చులో వాడిన ఆకులా వస్తుంది. క్లయింటు ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో కార్డు పట్టుకుని "ఇది అది కాదు కదండీ" అంటాడు. అంచుల్లో మూడు మిల్లీమీటర్లు బ్లీడ్, అంటే కోతలో పోయే అదనపు రంగు, వదలకపోతే కటింగ్‌లో తెల్ల గీత పడుతుంది. వాట్సాప్‌లో నలిగి వచ్చిన ఫొటోని ఫ్లెక్స్‌కి సాగదీస్తే పెళ్లికొడుకు ముఖం గళ్ల లుంగీలా తయారవుతుంది. ఇవి యూట్యూబ్‌లోనూ చెబుతారు, కానీ ఒకసారి ప్రెస్‌లో నిలబడి తిట్లు తింటే ఇక మర్చిపోరు. ఈ సెలవుల్లో మీ ఊళ్లోనే ఏదైనా ప్రెస్‌లోనో ఫ్లెక్స్ షాపులోనో రెండు నెలలు కూర్చోనివ్వండి. జీతం ఇవ్వకపోయినా ఫర్వాలేదు.

ఏఐ సంగతి. మీకు ధైర్యం చెప్పడానికి అబద్ధం చెప్పను. పుట్టినరోజు పోస్టర్లు, ఫొటో వెనక బ్యాక్‌గ్రౌండ్ తీయడం లాంటివి చేసి బతకడం ఇక కష్టం. 2000 తర్వాత ఊరూరా ఫ్లెక్స్ మెషీన్లు దిగినప్పుడు బోర్డులు రాసే ఆర్టిస్టులకు ఇలాగే అయింది. కుంచె పట్టిన చాలామంది వేరే పనులకు పోయారు. అక్షరం వంపు తెలిసిన కొందరు మాత్రం కోరెల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని అదే ఫ్లెక్స్ షాపులో కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఏఐ తీసే బొమ్మల్లో తెలుగు ఒత్తులు ఇప్పటికీ తరచూ తప్పుతున్నాయి. రేపో ఎల్లుండో అదీ సరి అవుతుంది, కాబట్టి దాని మీద భరోసా పెట్టుకోవద్దు. ఏ లైను పెద్దదవ్వాలో షాపాయనతో వాదించి ఒప్పించే పని ఎక్కువ కాలం నిలుస్తుందని నా లెక్క. తెలుగు అక్షరాల మీద కూడా శ్రద్ధ పెట్టమనండి. మండలి, రామభద్ర, సురన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. అయినా సగం పోస్టర్లలో ఒత్తు కింది లైనును గుద్దుకుంటూనే ఉంటుంది.

ఇక ఆన్‌లైన్ సంపాదన. ఉంది, నేనే సంపాదించాను. కానీ మొదటి మెట్టు అది కాదు. అక్కడ ప్రపంచం మొత్తంతో పోటీ, అయిదు డాలర్లకు లోగో చేసేవాళ్లుంటారు. ఫైవర్ లాంటి ఆన్‌లైన్ పనుల సైట్లో యాభై డాలర్ల పని చేస్తే ఇరవై శాతం వాళ్లు తీసుకుంటారు, నలభై మిగులుతాయి. చూపించడానికి నిజం షాపులకు చేసిన పది పనులైనా చేతిలో పెట్టుకుని అప్పుడు వెళ్లాలి. తెలిసినవాళ్లయినా సగం అడ్వాన్స్ తీసుకోవాలి, ఎన్ని కరెక్షన్లు చేస్తామో ముందే రాసుకోవాలి. 'పని ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి' అనేవాడు ఎవడైనా సరే మోసగాడే. ఇది మాత్రం ఇంట్లో అందరికీ చెప్పండి.

చదువు దగ్గర మీకు టైమ్ తక్కువ. ఇంటర్‌లో ఏ గ్రూపు వాళ్లయినా యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాయవచ్చు. ఐఐటీ బాంబే పెడుతుంది, ఐఐటీ హైదరాబాద్ బీడిజైన్ (డిజైన్ డిగ్రీ)కి ఆ ర్యాంకే. బొమ్మ గీసే భాగం కూడా ఉంటుంది. అమరావతిలోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీలో కమ్యూనికేషన్ డిజైన్ ఉంది, దానికి డ్యాట్ అనే పరీక్ష వేరే రాయాలి. ఈ రెండింటి దరఖాస్తులు దసరా, దీపావళి రోజుల్లోనే వస్తాయి. ఎప్‌సెట్ అయ్యాక చూద్దాంలే అనుకుంటే ఆ ఏడాది పోయినట్టే. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) వాళ్ల బీఎఫ్ఏ అప్లైడ్ ఆర్ట్ డిగ్రీ కూడా చూడండి. పాతకాలం పేరు కానీ యాడ్ ఏజెన్సీల్లో నాతో పనిచేసిన మంచి చేతులు కొన్ని అక్కడివే. ఏదీ రాకపోతే బీటెక్ చేయనివ్వండి, పోస్టర్లు మానమనకండి. తర్వాత సీడ్ అనే పరీక్ష రాసి ఎండిజైన్ (డిజైన్ పీజీ)కి వెళ్లే దారి ఉంది. లక్షలు కట్టించుకుని 'నూరు శాతం ప్లేస్‌మెంట్' అనే ఆరు నెలల కోర్సులకు మాత్రం ఇప్పుడే డబ్బు పోయకండి.

ఈ ఆదివారం ఒక పని చేయించండి. మీ వీధిలో కర్రీ పాయింటో టైలర్ షాపో ఉంటుంది. మీ అమ్మాయినే వెళ్లి అడగమనండి, ఎవరు వస్తారు, ఏది ఎక్కువ అమ్ముడవుతుంది, ఎప్పుడు ఖాళీగా ఉంటుంది అని. తిరిగొచ్చి ఒక్క ఏ5 (ఏ4లో సగం) కరపత్రం చేసి, అచ్చు తీయించి ఆ షాపులో ఇవ్వాలి. మీవారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ కాగితం మీది నంబరుకి ఫోన్ చేయండి. ఎవరు ఎత్తారో నాకు రాయండి.