సంక్రాంతికి ఇంటి నిండా చుట్టాలొస్తే కుక్కని ఎలా చూసుకోవాలి?

రెండేళ్ల లాబ్రడార్, కొత్తవాళ్లు కనబడితే మీదకి ఎగబడుతుంది, భోగికి పదిహేను మంది దిగుతున్నారు, మావయ్యగారు గేటు దగ్గర గొలుసేసి కట్టేయమంటున్నారు అని రాశారు కదా. గొలుసు మాత్రం వద్దండి. వచ్చేపోయేవాళ్లంతా పక్కనుంచే వెళ్తుంటే, తప్పుకోవడానికి దారి లేని కుక్క అరవక, కరవక ఏం చేస్తుంది? తణుకు దగ్గర మా అత్తగారింట్లో పండక్కి ఇల్లు ఇసకేస్తే రాలనట్టు ఉంటుంది, మా కుక్క చిట్టి ఆ సందడిలోనే పెరిగింది. దానికో చోటు, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకరు, ఈ రెండూ కుదిరితే సగం టెన్షన్ పోతుంది.

చోటంటే వెనక గది. ఇప్పటినుంచే దాని దుప్పటి, నీళ్ల గిన్నె అక్కడ పెట్టి, అన్నం కూడా అక్కడే పెట్టండి, లేకపోతే పండగ రోజు తలుపేయగానే గీకేస్తుంది. చుట్టాలు దిగే రోజు పొద్దున్నే బాగా తిప్పుకు రండి. అందరూ కాళ్లు కడుక్కుని, మాటల్లో పడ్డాక, అప్పుడు తాడేసి బయటికి తీసుకురండి. మీదకి ఎక్కితే ఎవరూ తోయొద్దు, కేకలెయ్యొద్దు, దానికి అదీ ఆటే. అటు తిరిగి నిలబడి, నాలుగు కాళ్లూ నేల మీద పెట్టాకే పలకరించాలి. గంగిరెద్దులవాళ్ల సన్నాయి వినబడిందా, మళ్లీ గదిలోకి.

ఇక మనిషి. అందరం చూస్తూనే ఉంటాం అంటే ఎవరూ చూడనట్టే, వంటింట్లో ఉన్నవాళ్లకి అసలే అప్పజెప్పకండి. మా ఇంట్లో ఆ పని మా మరిదిది. ఓసారి మా ఆడపడుచు కొడుకు, నాలుగేళ్లవాడు, చిట్టి మెడ చుట్టూ చేతులేసి వాటేసుకున్నాడు, ఎంత ముద్దుగా ఉందో అని అందరూ ఫోన్లు తీశారు. అదేమో మొహం పక్కకి తిప్పేసి, పెదాలు నాక్కుంటూ, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తోంది. మా మరిది ఏం మాట్లాడకుండా వెళ్లి పిల్లాణ్ణి ఎత్తుకున్నాడు. గుర్రుమనేదాకా ఆగకూడదు, ఒకవేళ గుర్రుమన్నా తిట్టకూడదు, ఆ హెచ్చరిక మాన్పించేస్తే తర్వాత చెప్పాపెట్టకుండా కరుస్తుంది. తినేటప్పుడు, పడుకున్నప్పుడు దాని జోలికి వెళ్లొద్దని పిల్లలకి రాగానే చెప్పేయండి.

నాకు పిల్లలకన్నా పెద్దవాళ్లతోనే ఎక్కువ భయం. పాపం అలా చూస్తోంది కదమ్మా అని విస్తట్లోంచి ముక్క విసిరేది వాళ్లే. ఉడికిన కోడి ఎముక పెళుసుగా చీలి గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలని దెబ్బతీస్తాయి, అంటే నాటుకోడి పులుసు, ఉల్లిపాయ గారె రెండూ కుదరవు. పాయసంలో కిస్‌మిస్ కిడ్నీలకి ప్రమాదం. చాక్లెట్లు, జైలిటాల్ (చక్కెర బదులు వేసే తీపి పదార్థం) ఉన్న షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ అయితే పిల్లల సంచులతో సహా ఎత్తున పెట్టించండి. ఏదో ఒకటి పెట్టాలని సరదా పడేవాళ్ల చేతికి కుక్క రోజూ తినే డాగ్‌ఫుడ్ గింజలే కొన్ని ఇవ్వండి, వాళ్లకీ తృప్తిగా ఉంటుంది. తిన్న విస్తళ్లు వెంటనే మూతున్న డబ్బాలో వేయాలి, పెరట్లో పడేయొద్దు.

కార్లు వచ్చిపోతుంటే గేటు వేసేవాళ్లుండరు, అందుకే మెడ పట్టీకి మీ ఫోన్ నంబరు బిళ్ల తగిలించండి. డాబా మీదకి మాత్రం రానివ్వకండి, తెగిన మాంజా కాళ్లు కోసేస్తుంది.

రేబీస్ టీకా గడువు ఈ వారమే చూసుకోండి. టీకా వేయించినా సరే, ఎవరికైనా పన్ను గాటు పడినా, గోరు గీరుకుని రక్తం వచ్చినా, పసుపూ కారం అద్దకుండా కుళాయి నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అరుపులకి మరీ బెదిరిపోయే కుక్కయితే మందు గురించి పశువుల డాక్టర్‌ని ముందే అడగండి, ఇంట్లో ఉన్న మాత్రలు వేయకండి. పండగ మూడు రోజుల్లో ఏ క్లినిక్ తెరిచి ఉంటుందో కూడా అప్పుడే కనుక్కుని, నంబరు ఫ్రిజ్ మీద అతికించండి.