సమాధి వెతికే ముందు

చిట్టీ,

మే నెలాఖరుకి జర్మనీలోని రైఖ్స్‌వాల్డ్ ఫారెస్ట్ వార్ సెమెట్రీకి, అదే ఆ యుద్ధ సమాధుల తోటకి, వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇంగ్లండ్‌లోని లింకన్‌లో నర్సుగా చేరిన కొత్తలో నాకు గది అద్దెకిచ్చిన ఆవిడ తమ్ముడి కోసం, రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన నువ్వు ఎన్నడూ చూడని మనిషి కోసం వెళ్తానన్నావు. గర్వంగా ఉంది. టెన్షన్‌గానూ ఉంది.

దగ్గర్లోని క్లేవె ఊరి దాకా రైల్లో వెళ్లు, అక్కణ్ణుంచి టాక్సీ తీసుకో. గొడుగు పెట్టుకో. ఒక్కదానివే వెళ్లకు.

ఇక అసలు సంగతి. రాయి మీద ముందు సర్వీసు నంబరు, అంటే సైన్యంలో ఒక్కొక్కరికీ ఇచ్చే నంబరు చూడు, తర్వాతే పేరు.

1986లో నేను వెళ్లాను. 7,500కు పైగా సమాధులు, వాటిలో దాదాపు 4 వేలు విమానాల వాళ్లవే. ఎటు చూసినా ఒకే ఎత్తు తెల్లరాళ్లు. పైన వాన. బస్సు వాళ్లు ఇచ్చింది అరగంట. ఇంటిపేరు కలిసింది, మొదటి అక్షరం కలిసింది, 1943 అని ఉంది. పూలు పెట్టి ఫోటో తీసుకుని పరిగెత్తాను. ఆవిడ ఆ ఫోటోని ఫ్రేము కట్టించి మంచం పక్కన పెట్టుకుంది. "వాడి వయసు రాయలేదేం?" అని ఒకసారి అడిగింది. వానలో సరిగా పడలేదన్నాను. అప్పుడైనా నేను మళ్లీ చూసి ఉండాల్సింది, చిట్టీ. పదకొండేళ్లు రోజూ దానికే గుడ్‌నైట్ చెప్పి పడుకుంది. ఆవిడ పోయాక సామాను సర్దుతుంటే తమ్ముడి పాత కాగితాలు దొరికాయి. నంబరు వేరు. తేదీ కూడా వేరు. ఆ ఫ్రేము ఒళ్లో పెట్టుకుని నేల మీదే కూర్చుండిపోయాను.

అందుకే నంబరు చీటీ మీద రాసి పంపుతున్నాను. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ప్లాటు, వరస, సమాధి నంబరు కూడా దొరుకుతాయి. ఇంట్లోనే రాసుకుని బయల్దేరు. అతని విమానం బయల్దేరింది 1943 మే 29 రాత్రి, రాతి మీద 30 ఉంటుంది. కంగారుపడకు.

అతను వెనక గన్నర్. లాంకాస్టర్ బాంబర్ విమానంలో ఏడుగురుంటే, తోక చివర గాజు గూటిలో వెనక్కి తిరిగి ఒక్కడే కూర్చునేది అతనే. చిన్నప్పుడు చీకటంటే భయపడేవాడట. ఆవిడ ఆ మాట చెప్పి టీ కప్పు అలాగే పట్టుకుని ఉండిపోయేది.

ఇంకోటి. ఆ రాత్రి ఆ విమానాలు వెళ్లింది నువ్వు ఇప్పుడు చదువుకుంటున్న వుప్పర్టాల్ మీదికే. ఆ ఊళ్లోని బార్మెన్ ప్రాంతం కాలిపోయింది, వేల మంది చనిపోయారు. మీ ఇంటి ఓనరు ముసలాయన ఎక్కడికని అడిగితే దాచకు. ఎవరి సమాధికో చెప్పు. ఆయన ఏమన్నా ఎదురు చెప్పకుండా విను.

పూలు రెండు కట్టలు కొను. చీటీ వెనక ఇంకో నంబరుంది, నా ఫోటోలోని అబ్బాయిది. అతనెవరో నాకు తెలీదు. పదకొండేళ్లు మా ఇంట్లో ఉన్నాడు. రెండు రాళ్లకీ ఫోటో తీసి పంపు, నంబర్లు స్పష్టంగా కనబడాలి. స్వెటర్ వేసుకో తల్లీ.

నీ పెద్దమ్మ