చేతికి పని చెప్పే మ్యూజియం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: పిల్లల మ్యూజియానికి తీసుకెళ్తే మా ఐదేళ్ల పాప నీళ్ల బల్ల దగ్గరే గంటన్నర ఉండిపోయింది. మిగతావేవీ చూడలేదు. టికెట్ డబ్బులు దండగేనా?

జవాబు: దండగేం కాదు. అన్నీ చూసి రావాలన్న లెక్క గాజు పెట్టెల మ్యూజియాలది. పిల్లల కోసమని తొలి మ్యూజియం 1899లో బ్రూక్లిన్‌లో వచ్చింది. బోస్టన్ పిల్లల మ్యూజియానికి 1962లో డైరెక్టరైన మైకేల్ స్పాక్ (పిల్లల డాక్టర్ బెంజమిన్ స్పాక్ కొడుకే) గాజు పెట్టెల్లోని వస్తువుల్ని పిల్లల చేతుల్లోకి తెచ్చాడు. అప్పట్నుంచి లెక్క మారింది. ఎన్ని చూశారని కాదు, ఒకదానితో ఎంతసేపు కుస్తీ పట్టారన్నది చూసుకోవాలి.

ఈసారి పాప చేతులు గమనించండి. నీళ్ల బల్ల మీద పారే చిన్న కాలువకు అడ్డంగా ఉన్న గేటు దించితే వెనక నీటిమట్టం పెరుగుతుంది, కింది సందులోంచి నీళ్లు జోరుగా దూకుతాయి, బంతి కొట్టుకుపోతుంది. అదే గేటును పదిసార్లు దించుతూ, ఎంత దించాలో ప్రతిసారీ కాస్త మారుస్తోందా? అయితే అది అచ్చమైన ప్రయోగం, కదిలించకండి. ఏమీ మార్చకుండా ఊరికే నీళ్లు చిమ్ముతోందంటే ఆకలేసిందో, నిద్రొస్తోందో. ఒక జత పొడి బట్టలు సంచిలో పెట్టుకోండి. చొక్కా చేతులు మోచేతి పైదాకా మడిచాకే బల్ల దగ్గరికి వదలండి.

ప్రశ్న: పక్కన నిలబడి మేమేం మాట్లాడాలి? సైన్సు మాకూ అంతంత మాత్రమే.

జవాబు: తెలియకపోవడం ఒకందుకు మేలే. తెలిసినవాళ్లు బోర్డు చదివి, పిల్లవాడి చెయ్యి పట్టుకుని మీట నొక్కించి, జవాబు కూడా వాళ్లే చెప్పేసి పక్కదాని దగ్గరికి నడుస్తారు. "ఎందుకలా జరిగింది?" అని అడిగితే పరీక్ష పెట్టినట్టుంటుంది, పిల్లలు బిగుసుకుపోతారు. "ఇప్పుడేం మారింది?", "ఇంకాస్త వంచితే?" అని అడగండి. అడిగాక మూడు సెకన్లు ఆగండి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల్లో చూస్తే, టీచర్లు సగటున ఒక్క సెకను కూడా ఆగడం లేదట. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి.

ఇంకోటి. 2001లో అచ్చయిన ఒక అధ్యయనంలో, పిల్లల మ్యూజియంలో తల్లిదండ్రులు ఆడపిల్లలకన్నా మగపిల్లలకు సుమారు మూడు రెట్లు ఎక్కువగా వివరించి చెప్పారని తేలింది. కావాలని చేసింది కాదు, అలవాటు. మీ ఇంట్లో ఇద్దరూ ఉంటే ఓ కన్నేసి ఉంచండి.

ప్రశ్న: మా లైబ్రరీలో ఒక మూల ఖాళీ ఉంది. మ్యూజియంలోలా పిల్లలు చేత్తో ఆడేదేదైనా ఒక్కటి మేమే చేసి పెట్టగలమా?

జవాబు: గాలి గొట్టం చేయండి. నిలువుగా నిలబెట్టిన పారదర్శక గొట్టంలోకి కింది నుంచి ఫ్యాన్ గాలి కొడుతుంది. పిల్లలు కాగితాలతో ఏదో ఒకటి చేసి అందులో వదులుతారు.

30 సెం.మీ. రెక్కల బాక్స్ ఫ్యాన్ (చదరపు చట్రంలో బిగించి ఉండేది) కావాలి. టేబుల్ ఫ్యాన్ వద్దు, వెనక మోటారు పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి వెల్లకిలా కుదురుగా కూర్చోదు. ఫ్యాన్‌ను పైకి చూసేలా పడుకోబెట్టి, నాలుగు మూలలా 10 సెం.మీ. చెక్క దిమ్మెలు పెట్టండి. అందరూ తప్పేది ఇక్కడే. నేల మీద నేరుగా పెడితే కింది నుంచి గాలి అందదు, మోటారు మూలుగుతుంది గానీ గొట్టంలో కాగితం కదలదు.

గొట్టానికి అర మిల్లీమీటరు మందం ప్లాస్టిక్ షీటు, 98 సెం.మీ. వెడల్పు, 120 సెం.మీ. ఎత్తు. చుట్టి, 4 సెం.మీ. ఒకదాని మీద ఒకటి వచ్చేలా టేపు వేస్తే 30 సెం.మీ. గొట్టం తయారవుతుంది. అంతకన్నా పల్చటి షీటు గాలికి రెపరెపలాడి లోపలికి ముడుచుకుపోతుంది. కింద, మధ్యలో, పైన ఒక్కో ఎంబ్రాయిడరీ రింగు బిగించి, మూడు కర్రలకు కట్టి నిలబెట్టండి. ఫ్యాన్‌కూ గొట్టానికీ మధ్య 15 సెం.మీ. సందు వదలాలి. పిల్లలు వస్తువు పెట్టేది అందులోంచే. ఫ్యాన్ గ్రిల్ మీద అర సెంటీమీటరు కళ్ల ఇనుప జాలీ తప్పనిసరి, వేలు దూరకూడదు. జాలీ మరీ సన్నదైతే గాలి చచ్చిపోతుంది.

పక్కన బల్ల మీద పేపర్ కప్పులు, కాగితాలు, కత్తెర, టేపు, పేపర్ క్లిప్పులు. దారాలు, రిబ్బన్లు వద్దు. గ్రిల్‌లోంచి జారి ఇరుసుకు చుట్టుకుంటాయి. టిష్యూ ముక్కలు పెట్టారా, వదలగానే గది పైకప్పుకి ఎగిరిపోతాయి. నవ్వులే తప్ప ఆలోచన ఉండదు. అసలు మజా పేపర్ కప్పులో ఉంది. మూతి కిందికి పెట్టి వదిలితే గాలిని పట్టుకుని గొడుగులా లేస్తుంది. అంచుకు ఒక్కో క్లిప్పు తగిలిస్తూ పోతే, ఏదో ఒక క్లిప్పు దగ్గర పైకీ పోక కిందికీ రాక గాల్లో ఊగుతూ నిలుస్తుంది. క్లిప్పులన్నీ ఒకే పక్కకు పెడితే పల్టీలు కొడుతుంది. కాబట్టి బోర్డు మీద సూత్రాలేవీ రాయకండి, "గాల్లో ఆపగలరా?" అన్న ఒక్క ముక్క చాలు.

పొడి రోజుల్లో కాగితాలు గొట్టం గోడకు అంటుకుపోతుంటే తడిబట్టతో లోపల తుడవండి, స్థిర విద్యుత్తు పోతుంది. ఫ్యాన్‌ను గంటల తరబడి తిప్పకండి. నిలబడి పనిచేయడానికి చేసిన మోటారు అది, పడుకోబెడితే బరువంతా ఇరుసు చివర పడుతుంది.

ప్రశ్న: మ్యూజియంలోని చీకటి గదిలో ఫ్లాష్ వెలిగాక గోడకు మన నీడ అంటుకుపోతుంది. అదెలా?

జవాబు: అంటుకునేది నీడ కాదు. ఆ గోడకు వెలుతురు దాచుకునే పూత ఉంటుంది. ఫ్లాష్ వెలిగినప్పుడు మీరు అడ్డున్న చోటు తప్ప మిగతా గోడంతా వెలుతురు నింపుకుని ఆకుపచ్చగా మెరుస్తుంది. ఎర్ర టార్చితోనూ నీలం టార్చితోనూ గోడ మీద గీసి చూడండి. నీలంతో గీసింది వెలుగుతుంది, ఎరుపుతో ఏమీ పడదు. ఎర్ర కాంతికి ఆ పూతను రెచ్చగొట్టేంత శక్తి లేదు.

ప్రశ్న: మూడేళ్లవాడు, తొమ్మిదేళ్లది. ఇద్దర్నీ ఒకేచోట ఎలా ఆడించాలి?

జవాబు: పెద్దదానికి "తమ్ముడికి నేర్పించు" అని చెప్పకండి, ఇద్దరూ విసుక్కుంటారు. తయారీ అక్కది, వదిలే పని తమ్ముడిది అని పంచండి. గాలి గొట్టం దగ్గర ఇది చక్కగా కుదురుతుంది. క్లిప్పుల డబ్బా మాత్రం చిన్నవాడి చేతికి అందనీయొద్దు. టిష్యూ పేపర్ చుట్టే అట్ట గొట్టంలోంచి దూరిపోయే వస్తువేదైనా వాడి గొంతులో అడ్డుపడొచ్చు. ఆడించేముందు బల్ల మీద ఉన్నవన్నీ ఆ గొట్టంలో వేసి చూడండి.