చల్లనివా, చల్లారినవా?

సందేహం: పరారుణ దూరదర్శినుల సాయంతో కనుగొన్న ‘కూల్ బ్రౌన్ డ్వార్ఫ్స్’ గురించి మా విద్యార్థులు గోడపత్రికకు వ్యాసం రాస్తూ ‘చల్లని గోధుమ మరుగుజ్జు నక్షత్రాలు’ అని శీర్షిక పెట్టారు. వందల డిగ్రీల వేడి ఉన్నవాటిని ‘చల్లని’ అనవచ్చునా? – భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని, హనుమకొండ

సమాధానం: వ్యాకరణరీత్యా ‘చల్లని’లో దోషం లేదు కానీ అర్థం పొసగదు. చల్లని నీడ, చల్లని చూపు, చల్లని తల్లి అన్నప్పుడు ఆ విశేషణం హాయిని చెబుతుంది. మన వరంగల్లు పల్లెల్లో పెద్దలు ‘సల్లంగ బతుకు బిడ్డా’ అని దీవించేటప్పుడు ఉష్ణోగ్రత ప్రసక్తే లేదు. 1995లో బయటపడిన గ్లీజ్ 229బి అనే గోధుమ మరుగుజ్జు మీద సీసాన్ని కరిగించగలిగినంత వేడి ఉంది; నక్షత్రాలతో పోల్చినప్పుడే అది తక్కువ.

అందువల్ల ‘చల్లారిన’ అనడమే మేలని నా అభిప్రాయం. ఒకప్పుడు వేడిగా ఉండి, ఆ వేడిని క్రమంగా కోల్పోయినదానికే ‘చల్లారు’ అనే క్రియ వర్తిస్తుంది. కాచిన పాలు చల్లారుతాయి. బావినీళ్లు చల్లగా ఉంటాయే తప్ప చల్లారవు. గోధుమ మరుగుజ్జుల ద్రవ్యరాశి గురుగ్రహానికి సుమారు 13 నుంచి 75 రెట్ల వరకు ఉంటుంది, హైడ్రోజన్ సంలీనం (పరమాణు కేంద్రకాలు కలిసిపోయి శక్తి పుట్టడం) నిలకడగా సాగడానికి అది చాలదు కనుక, అవి పుట్టినప్పుడు కుంచించుకుపోవడం వల్ల కలిగిన వేడిని కోట్ల సంవత్సరాల పాటు వెదజల్లుతూ చల్లారుతూనే ఉంటాయి. బరువైన ముసలిదీ, తేలికైన పడుచుదీ ఒకే ఉష్ణోగ్రతలో కనిపించవచ్చు. అందుకే వయసు తెలియనిదే ద్రవ్యరాశిని తేల్చడం కష్టం. ‘చల్లారిన’ అనగానే ‘ఎంతకాలంగా?’ అనే ప్రశ్న పుడుతుంది, శాస్త్రజ్ఞులు వేసుకునే ప్రశ్న కూడా అదే.

వ్యాసంలో పరారుణ కిరణాల సంగతిని విద్యార్థులు ఒక్క వాక్యంతో దాటవేశారేమో చూడండి, అది విపులంగా ఉండాలి. ఎండాకాలంలో పొద్దుగూకాక పద్మాక్షి గుట్ట బండకు దగ్గరగా అరచేయి పెడితే సెగ తగులుతుంది, కంటికి మాత్రం ఏ వెలుగూ కనబడదు. కంటికి కనబడని ఆ సెగే పరారుణ కిరణాలు. ఈ మరుగుజ్జుల సంగతీ అంతే. 2009 డిసెంబరులో నాసా ప్రయోగించిన వైజ్ దూరదర్శిని ఆకాశమంతటినీ 3.4, 4.6, 12, 22 మైక్రాన్ల తరంగదైర్ఘ్యాల్లో చిత్రించింది. బాగా చల్లారిన మరుగుజ్జు వాతావరణంలోని మీథేన్ 3.4 మైక్రాన్ల పరిసరాల్లో కాంతిని మింగేస్తుంది, 4.6 దగ్గర లోపలి వెలుగు చాలావరకు బయటికి వస్తుంది. మొదటి చిత్రంలో మసకగా, రెండోదానిలో ప్రకాశవంతంగా ఉన్న చుక్కలను వెతికి, వాటి వర్ణపటాలు తీసి, అన్నిటికంటే ఎక్కువగా చల్లారిన మరుగుజ్జుల కోసం 2011లో ‘వై’ అనే తరగతిని ప్రకటించారు.

2014లో ప్రకటించిన వైజ్ 0855 అనే మరుగుజ్జు మనకు సుమారు ఏడు కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది. తొలి అంచనాల్లో దాని ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 48 నుంచి 13 డిగ్రీల సెల్సియస్. అక్కడ ‘చల్లని’ అన్న మాట అక్షరాలా నిజమే అయినా, దాని చరిత్ర కూడా తెలియాలంటే నేను ‘బాగా చల్లారిన’ అనే రాస్తాను.

ఇక ‘నక్షత్రాలు’ అనే మాటను తీసివేయించండి, హైడ్రోజన్‌ను మండించలేనిదాన్ని నక్షత్రంగా లెక్కించరు. శీర్షికను ‘చల్లారిన గోధుమ మరుగుజ్జులు’ అని మార్చి, లోపల ఉష్ణోగ్రతలను అంకెల్లోనే ఇవ్వమని విద్యార్థులకు చెప్పండి.