బ్యాంకు వాళ్లే క్రెడిట్ కార్డు మూసేస్తే సిబిల్ పాడవుతుందా?

తమ్మీ, నీ ప్రశ్న చదివాను. కారణం చెప్పకుండా కార్డు అకౌంట్ క్లోజ్ చేశామని మెసేజ్ పంపారు, దాని మీద ఫ్రిజ్ వాయిదాలు ఇంకా ఉన్నాయి, క్యాన్సిల్ చేసిన రైలు టికెట్ పైసలు ఆ మూసిన కార్డుకే వచ్చి పడ్డాయి, వచ్చే ఏడాది హుజూరాబాద్‌లో ఇల్లు కట్టడానికి లోన్ పెట్టాలి కాబట్టి సిబిల్ (అప్పులు ఎలా కట్టామో చూపే రిపోర్టు, స్కోరు) ఏమవుతుందోనని పరేషాన్. అంతే కదా. హన్మకొండలో నాకు, మా బావమరిదికి ఇద్దరికీ కార్డులు మూసేశారు, కారణాలు వేరు, అయిన అనుభవాలూ వేరు. అందుకే రాస్తున్నా, కాస్త పొడుగైతే ఏమనుకోకు.

ముందు కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి క్లోజ్ అయిందా, ఊరికే బ్లాక్ చేశారా అని అడుగు. కేవైసీ, అంటే మన గుర్తింపు, చిరునామా కాగితాలు పాతబడినా, ఏదైనా లావాదేవీ మీద అనుమానం వచ్చినా బ్లాక్ చేస్తారు, కాగితాలిస్తే అది మళ్లీ తెరుచుకుంటుంది. నిజంగా క్లోజ్ అయితే మాత్రం కారణం ఏంటో మెయిల్‌లో రాయమను. ఫోన్‌లో ‘ఇంటర్నల్ పాలసీ సార్’ అనే జవాబు తప్ప ఇంకేం రాదు. మెయిల్ పెడితే కనీసం ఒక కంప్లైంట్ నంబరైనా చేతిలో ఉంటుంది, అదే తర్వాత పనికొస్తుంది.

నా కార్డు వాడకపోవడం వల్ల పోయింది. పెట్రోల్ మీద తగ్గింపు ఇచ్చే ఇంకో కార్డు దొరికాక పాతదాన్ని బీరువాలో పడేశాను. 2022లో ఆర్‌బీఐ పెట్టిన నిబంధన ప్రకారం ఏడాదికి మించి వాడని కార్డును ముందు మనకు చెప్పి, 30 రోజుల్లో మన జవాబు రాకపోతే, బకాయి లేకుంటే బ్యాంకే మూసేయాలి, మూసినట్టు ఇంకో 30 రోజుల్లో మన అప్పుల లెక్క రాసిపెట్టే సిబిల్ లాంటి క్రెడిట్ బ్యూరోలకు తెలపాలి. నాకు మెసేజ్ వచ్చింది, వార్షిక ఫీజు దండగ పోతే పోయిందని ఊరుకున్నా. కార్డు మూసేశారు, పీడా పోయిందనుకున్నా.

అసలు కథ హోమ్ లోన్ దగ్గర బయటపడింది. సుబేదారిలో ఒక బ్యాంకుకు పోతే లోన్ ఆఫీసర్ నా రిపోర్టు తీసి, మానిటర్ నా వైపు తిప్పి ఒక వరుస మీద వేలు పెట్టాడు. ఆ కార్డు అకౌంట్‌లో మూసిన తేదీ ఉండాల్సిన గడి ఖాళీ, పక్కనే ఓవర్‌డ్యూ 590 రూపాయలు. నేను 590 ఎక్కడ బాకీ పడ్డానబ్బా అని ఇంటికొచ్చి పాత మెయిళ్లన్నీ వెతికితే దొరికింది. మూసేశామని మెసేజ్ పంపిన తర్వాతి నెలలో 500 వార్షిక ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ 90 కలిపి బిల్లు వేసుకున్నారు. లేని కార్డుకు ఫీజన్నమాట!

కస్టమర్ కేర్ అమ్మాయి చాలా మర్యాదగా ‘590 కట్టేయండి సార్, అయిపోతుంది’ అంది. నేను కట్టలేదు. పైసలు ఎక్కువని కాదు, కడితే ఆ బాకీ నాదేనని ఒప్పుకున్నట్టు, పైగా ఆలస్యంగా కట్టిన గుర్తు రిపోర్టులో అలాగే ఉండిపోతుంది. ఫీజు వెనక్కి తీయించి, రిపోర్టు సరిచేయించడమే పద్ధతి. మూసేసినట్టు వచ్చిన మెసేజ్ ఫొటో, తర్వాత వచ్చిన బిల్లు రెండూ జత చేసి ఆ బ్యాంకులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి మెయిల్ పెట్టాను, అదే రోజు సిబిల్ సైట్‌లో రిపోర్టు తప్పని డిస్ప్యూట్ కూడా వేశాను. సిబిల్ వాళ్లు సొంతంగా ఏదీ మార్చరు, బ్యాంకును అడిగి బ్యాంకు ఒప్పుకుంటేనే మారుస్తారు, అందుకే రెండు వైపుల నుంచీ పట్టుకోవాలి. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో తేల్చకపోతే ఆ పైన రోజుకు 100 రూపాయలు మనకు పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి రూల్ ఉంది, ఆ మాట మెయిల్‌లో రాశాను. దాని మహిమో ఏమో, నెల తిరగకముందే ఫీజు రద్దు చేసి అకౌంట్ క్లోజ్డ్ అని పెట్టారు.

కాబట్టి నువ్వు చూడాల్సింది కార్డు పోయిందా ఉందా అని కాదు, రిపోర్టులో ఏం రాశారన్నది. ‘క్లోజ్డ్’ అని ఉండి బాకీ సున్నా ఉంటే అది మచ్చ కాదు, ఎవరు మూసినా సరే. నువ్వు ఇన్నాళ్లూ టైముకు కట్టిన చరిత్ర కూడా రిపోర్టులోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు. ‘సెటిల్డ్’ (కొంత కట్టించుకుని మిగతాది వదిలేశారు) అనో ‘రిటెన్ ఆఫ్’ (ఇక రాని బాకీ అని రాసేసుకున్నారు) అనో ఉంటే మాత్రం లోన్ ఆఫీసర్ ముఖం మారిపోతుంది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ ఈ నాలుగూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తీసి చూడు, ఏ బ్యాంకు ఏ బ్యూరోది చూస్తుందో మనకు తెలియదు.

స్కోరు కొంచెం తగ్గొచ్చు, దానికి కారణం వేరే. నీకు లక్ష లిమిట్ కార్డు ఒకటి, యాభై వేలది ఇంకొకటి ఉన్నాయనుకో, నెలకు ముప్పై వేలు వాడితే మొత్తంలో 20 శాతం వాడినట్టు. లక్షది పోతే అదే ముప్పై వేలు 60 శాతం అయి కూర్చుంటుంది, వీడు అప్పుల మీద బతుకుతున్నాడనిపిస్తుంది. మిగిలిన కార్డు వాడకం 30 శాతం లోపు పెట్టుకో, లేదంటే బిల్లు తయారయ్యే తేదీకి ముందే కొంత కట్టేయి.

ఇక మా బావమరిది సంగతి. ఎనుమాముల మార్కెట్ దగ్గర తెలిసినాయన షాపులో స్వైపింగ్ మిషన్ ఉంది. వానాకాలం విత్తనాలు, ఎరువులు కొనే టైముకు అక్కడ కార్డు గీకి, రెండు శాతం కమీషన్ పోను నగదు తీసుకునేవాడు, తర్వాతి నెల ఇంకో కార్డు గీకి ఇది కట్టేవాడు. మన దగ్గర ఇది మస్తుమంది చేస్తారు, తప్పని కూడా అనుకోరు. కానీ ప్రతి నెలా అదే షాపు, గుండుగుత్తగా పెద్ద మొత్తం, లిమిట్ అంచు దాకా వాడకం కనిపిస్తే బ్యాంకు కంప్యూటర్ ఊరుకోదు కదా. ఒకరోజు పొద్దున్నే మూసేశారు. టీవీ మీద మిగిలిన వాయిదాలన్నీ ఒకేసారి బిల్లులో పడ్డాయి. నీ ఫ్రిజ్ వాయిదాలకూ ఇలాగే కావొచ్చు, అందుకే మిగిలింది నెలనెలా కట్టమంటారా, మొత్తం ఒక్కసారే అడుగుతారా, గడువుకు ముందే తీర్చినందుకు ప్రీ క్లోజర్ చార్జీ ఏమైనా వేస్తారా అని ముందే రాయించుకో.

కార్డు మూసినంత మాత్రాన బాకీ మూతపడదు. కట్టని దాని మీద నెలకు మూడు, నాలుగు శాతం దాకా వడ్డీ, దాని మీద జీఎస్టీ నడుస్తూనే ఉంటాయి. గడువు దాటి 90 రోజుల దాకా కనీస మొత్తం కూడా కట్టకపోతే ఎన్‌పీఏలో, అంటే మొండి బాకీల్లో పడేస్తారు. బావమరిదికి కూడా రికవరీ వాళ్ల ఫోన్లు మొదలయ్యాయి, సగం కట్టు, సెటిల్ చేస్తామన్నారు. మా అత్తమ్మ సగమే కదా కట్టేయమంది. నేను వద్దన్నాను, ఆ సగం మిగిలినందుకు ‘సెటిల్డ్’ ముద్ర ఏళ్ల తరబడి మోయాలి. పత్తి అమ్మిన పైసలతో పూర్తిగా కట్టి, బాకీ ఏమీ లేదని బ్యాంకు రాసిచ్చే నో డ్యూస్ లెటర్ తీసుకున్నాడు. మనిషి మునిగిపోయి వేరే దారే లేనప్పుడు సెటిల్‌మెంట్ సరే, జీతం వచ్చేవాడికి అది గిట్టుబాటు కాదు. అన్నట్టు, రికవరీ ఫోన్లు పొద్దున 8 లోపు, సాయంత్రం 7 తర్వాత చేయకూడదు, చేస్తే టైము రాసిపెట్టుకో.

నీ టికెట్ పైసల గురించి భయపడకు. మూసిన కార్డులో మన పైసలు మిగిలితే వాటిని మన బ్యాంకు ఖాతాకు పంపాల్సిన బాధ్యత వాళ్లదే, ఇదీ ఆర్‌బీఐ రూలే. అకౌంట్ నంబరు, క్యాన్సిల్డ్ చెక్కు జత చేసి మెయిల్ పెట్టు. ముందు ఆ పైసలు ఫ్రిజ్ బాకీలో సర్దుకుంటాం అంటారు, లెక్క రాసిమ్మని అడుగు.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో రాయొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 14448కు ఫోన్ చేస్తే ఎలాగో చెప్తారు. బ్యాంకుకు ఫిర్యాదు చేయకుండా నేరుగా అక్కడికి పోతే మాత్రం వెనక్కి పంపుతారు. మధ్యలో ఎవరైనా ఫోన్ చేసి మీ కార్డు మళ్లీ యాక్టివేట్ చేస్తాం, ఓటీపీ చెప్పండి అంటే వాడు దొంగ, కట్ చేసెయ్. పొరపాటున చెప్పి పైసలు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చెయ్.

మళ్లీ అదే కార్డు ఇస్తారా అన్నావు. అడిగి చూడు కానీ ఆశ పెట్టుకోకు, మామూలుగా కొత్తగా అప్లై చేయమంటారు. ఇప్పుడే కోపం మీద నాలుగు బ్యాంకులకు అప్లై చేయకు, ప్రతి అప్లికేషన్ ఒక ఎంక్వైరీగా రిపోర్టులో కనిపిస్తుంది, ఇంటి లోన్ ముందు అవి వరుసగా ఉంటే బాగుండదు. చేతిలో వేరే కార్డు లేకపోతే నీ జీతం పడే బ్యాంకులో చిన్న ఎఫ్‌డీ వేసి దాని మీద కార్డు తీసుకో, పెద్దగా ప్రశ్నలేమీ అడగకుండా ఇస్తారు, ఎఫ్‌డీకి వడ్డీ కూడా వస్తుంది.