కరెక్షన్ల టూల్ కోసం క్రెడిట్ కార్డు గీకొద్దు

ప్రశ్న: నేను ఫ్రీలాన్స్‌గా వెబ్‌సైట్లు డిజైన్ చేస్తాను. క్లయింట్లు కరెక్షన్లు కొన్ని వాట్సాప్‌లో, కొన్ని మెయిల్‌లో, మిగతావి ఫోన్‌లో చెబుతారు. ‘ఆ పైన ఉన్నది కాస్త మార్చండి’ అంటే దేని గురించో అర్థం కాదు. ఈ కరెక్షన్లతోనే నెలలు గడిచి, చివరి పేమెంట్ ఆగిపోతోంది. పేజీ మీదే పిన్ పెట్టి కామెంట్ రాసే అనోటేషన్ టూల్ ఒకటి చూశాను. మూడేళ్ల టీమ్ ప్లాన్ ఒకేసారి తీసుకుంటే 40 శాతం తగ్గింపు ఇస్తారట. దానితో పాటు కొత్త ల్యాప్‌టాప్ కూడా క్రెడిట్ కార్డు మీద తీసుకుందామనుకుంటున్నాను. చేతిలో ఒక నెల ఖర్చులకు సరిపడా డబ్బుంది. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. సొంతంగా పని చేసుకునేవాళ్లలో చాలామంది చేసే పొరపాటే మీరూ చేయబోతున్నారు. రావలసిన డబ్బు ఆలస్యమవుతోందని, అప్పు చేసి ఏదో ఒకటి కొంటే అది త్వరగా వస్తుందనుకుంటారు. ఆలస్యం మాత్రం అలాగే ఉంటుంది, పైన వాయిదా వచ్చి చేరుతుంది. చేతిలో ఒక్క నెల ఖర్చు పెట్టుకుని మూడేళ్ల చందా అప్పు మీద కట్టడం ఏ లెక్కన చూసినా సరైంది కాదు.

ఆ తగ్గింపు సంగతే చూడండి. నెలనెలా కడితే మూడేళ్లకు మొత్తం 100 అవుతుందనుకుందాం. ఒకేసారి కడితే 60. ఆ 60 కార్డు మీద తీర్చకుండా ఉండిపోయి, నెలకు 3 శాతం వడ్డీ పడితే ఏడాదికి 85 దాటుతుంది, ఏడాదిన్నరకు 102 అవుతుంది. మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం మాత్రమే కడుతూ నెట్టుకొస్తానంటారేమో, అందులో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. క్లయింట్ ఎప్పుడిస్తాడో తెలియని డబ్బును నమ్ముకుని కార్డు బిల్లు తారీఖు పెట్టుకోకండి.

మీకు అన్నిటికన్నా ముందు కావలసింది ఎమర్జెన్సీ ఫండ్. నెల జీతం వచ్చేవాళ్లకు మూడు నెలల ఖర్చు సరిపోవచ్చు. మీకు ఆరు నెలలది ఉండాలి. ఇంటి ఖర్చుతో పాటు ఇంటర్నెట్, సాఫ్ట్‌వేర్ చందాలు, ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా ఆ లెక్కలోకి రావాలి. క్లయింట్ నుంచి ఏ పేమెంట్ వచ్చినా అందులో 20 శాతం అదే రోజు వేరే ఖాతాలోకి మార్చేయండి. మీ సంపాదనలో 80 శాతం ఖర్చులకు పోతుందనుకుంటే, మిగిలిన ఐదు నెలల మొత్తం కూడడానికి 20 నెలలు పడుతుంది. అంతకాలమా అని నీరసపడకండి. ఆగిపోయిన పాత పేమెంట్లు వచ్చినప్పుడు వాటిని మొత్తంగా ఇందులోనే వేస్తే గడువు బాగా తగ్గుతుంది. ఫండ్ చేతిలో ఉంటే ఇంకో లాభం ఉంది. అడ్వాన్స్ ఇవ్వనన్న క్లయింట్‌ను వదులుకునే ధైర్యం వస్తుంది. అది లేకే మీరు ఎన్ని కరెక్షన్లు చెప్పినా చేసిపెడుతున్నారని నా అనుమానం.

టూల్ పనికిరాదని నేననను. మీ వృత్తికి అది నిజంగా అవసరం. ‘బటన్ కనిపించట్లేదు’ అని క్లయింట్ ఫోన్‌లో చెబితే మీ ల్యాప్‌టాప్‌లో అది చక్కగా కనిపిస్తుంది, ఇద్దరికీ వాదన మొదలవుతుంది. అదే మాట పేజీ మీద పిన్ పెట్టి రాస్తే, ఇలాంటి చాలా టూల్స్ స్క్రీన్‌షాట్‌తో పాటు బ్రౌజర్ పేరు, స్క్రీన్ సైజు కూడా పట్టి పంపుతాయి. వెడల్పు 360 పిక్సెళ్లని చూడగానే ఆయన చిన్న ఫోన్‌లో చూస్తున్నారని తెలిసిపోతుంది. ఎవరు, ఏ రోజు, ఏం అడిగారో రాతలో ఉండిపోతుంది కనుక ‘మేం ఇది అడగలేదు’ అనడానికి వీలుండదు. డబ్బు వసూలుకు ఇంతకు మించిన ఆధారం అక్కర్లేదు.

దీనికి టీమ్ ప్లాన్ ఎందుకు? డిజైన్ దశలో ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉచిత ఖాతాలోనే క్లయింట్లు కామెంట్లు పెట్టగలరు. తయారైన సైట్ కోసం ఏదైనా టూల్‌ను నెలవారీగా, ప్రాజెక్టు ఉన్న నెలల్లోనే తీసుకోండి, ఆ ఖర్చును కొటేషన్‌లో కలపండి. మూడేళ్లు ముందే కట్టడంలో ఇంకో ప్రమాదముంది. డిజైన్లపై కామెంట్లు పెట్టడానికి ఒకప్పుడు ఎంతోమంది వాడిన ఇన్‌విజన్ సేవలు 2024 చివరితో ఆగిపోయాయి. ఆ సంగతి కంపెనీ ప్రకటించింది అదే ఏడాది జనవరిలో. అందుకే ప్రతి ప్రాజెక్టు అయ్యాక కామెంట్లను పీడీఎఫ్‌గానో స్క్రీన్‌షాట్లుగానో మీ దగ్గర దాచుకోండి.

టూల్ కన్నా ఒప్పందంలో రాసే నాలుగు మాటలే మీ పేమెంట్‌ను కదిలిస్తాయి. కరెక్షన్లు రెండు విడతలే, మూడోదానికి విడిగా బిల్లు. కామెంట్లు క్లయింట్ వైపు నుంచి ఒక్కరే, పిన్ చేసి, ఏడు రోజుల్లోగా పెట్టాలి. ఆ గడువు దాటితే ఆమోదించినట్టే. డబ్బు 40 శాతం అడ్వాన్స్, 40 శాతం డిజైన్ ఓకే అయ్యాక, మిగిలిన 20 శాతం సైట్ లైవ్ చేసే ముందే. లైవ్ అయ్యాక అడిగితే ఎవరికీ తొందరుండదు.

ల్యాప్‌టాప్ పాతది పని చేస్తున్నంతకాలం వాడండి. ఆరోగ్య బీమా లేకపోతే ఫండ్‌తో పాటే తీసుకోండి. ఇన్వెస్ట్‌మెంట్ల గురించి ఫండ్ నిండాక చూద్దాం.

ఈ వారమే ఒక పని చేయండి. పేమెంట్ ఆపిన క్లయింట్లందరికీ కామెంట్ లింకు పంపి, చివరి విడత కరెక్షన్లకు తారీఖు చెప్పి, దానితో పాటే ఇన్‌వాయిస్ జతచేయండి.